గొడుగు పుల్ల సూది

"ముడి లేని పని కూడా ఒక పనేనట్రా?" అంది జుజన్నా, కుళ్ళాయిని కిటికీ వెలుగులోకి ఎత్తిపట్టి.

యూరా బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. మేనత్త ముందు కూర్చోవడం చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. ఇప్పుడు తన తలే నెరిసినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

"అది తెక్లా చేసింది అత్తా."

"ఎవరు చేశారని నేనడిగానా? ఎట్లా చేశారో చూస్తున్నాను." ఆమె నుదుటి పట్టీ మీది లేసును గోటితో గీకి చూసింది. "వల కుళ్ళాయిలో ప్రతి కన్నుకీ ఒక ముడి ఉంటుంది. ఒకటి పోయినా పక్కది నిలబడుతుంది. ఇదేంటి? గొలుసులోంచి గొలుసు, గొలుసులోంచి గొలుసు. ఆడపిల్లలు గడ్డిపోచలతో ఆడుకునే ఆట. ఎక్కడో పట్టుకుని లాగితే ఊడిపోయేదాన్ని పెళ్ళి రోజున పిల్ల నెత్తిన పెట్టమంటావా?"

ఒఖోజితా కొండ మీద పెళ్ళంటే గుడిలో పాదిరిగారు చదివే మాటలతో అయిపోదు. ఇంటికొచ్చాక పూలదండ తీసి, జుట్టంతా ముడిచి, పైన కుళ్ళాయి పెట్టినప్పుడే పిల్ల ఇల్లాలవుతుంది. ఆ కుళ్ళాయితోనే బతుకుతుంది, చివరికి ఆ కుళ్ళాయితోనే మట్టిలోకి పోతుంది. కొండ మీద సగంమంది ఆడవాళ్ళకి కుళ్ళాయి పెట్టిన చెయ్యి జుజన్నాది. ఆమె పెట్టనంటే ఆ పిల్లను నలుగురూ సగం ఇల్లాలనే అంటారు.

"నేను వేసిన వల కుళ్ళాయి పెట్టెలో ఉంది. అదే తెస్తాను," అంది జుజన్నా.

వంటింట్లో పిండి కలుపుతున్న అతని కూతురు రొజీనా ఆ చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "మా అమ్మ చేసింది పెట్టకపోతే, నేనే పెట్టుకుంటాను మామ్మా."

"పెట్టుకో తల్లీ, పెట్టుకో. దండ కూడా నువ్వే తీసుకో, పాట కూడా నువ్వే పాడుకో. మేకలు వచ్చి కూర్చుని చూస్తాయి."

యూరా బల్ల అంచు పట్టుకున్నాడు. అడగడం అతనికి చేతకాదు. పైకప్పులకు చెక్క పెంకులు చీల్చడం, తోలు చెప్పులు కుట్టడం అతనికి తెలిసిన పనులు. "అత్తా, ఆ రోజు తల్లి చెయ్యి పిల్ల నుదుటి మీద ఉండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. నువ్వే పెట్టాలి, అదే పెట్టాలి."

జుజన్నా చాలాసేపు కుళ్ళాయిని తిప్పి చూసింది. పట్టీ పొడవునా అడవి గులాబీలు, పువ్వుకి అయిదేసి రేకులు, కింద అలల్లాంటి అంచు. ముసలామె పెదవి కొంచెం కదిలింది. మెచ్చుకోబోయి ఆగిందేమో తెలియదు.

"కుళ్ళాయి పెట్టబోతే పెళ్ళికూతురు మూడుసార్లు విసిరికొట్టాలి కదా. మూడుసార్లూ విసిరాక ఇది మిగిలితే, నాలుగోసారి నా చేత్తో పెడతాను. మిగలకపోతే నా వలే పెడతాను. అప్పుడు ఏడవకూడదు."

"నేనేం ఏడవను," అంది రొజీనా.

"నీతో కాదే. వీడితో అంటున్నాను."

*

ఇప్పుడు అందరూ క్రోషె అంటున్న ఆ పని తెక్లాతోపాటే ఆ ఇంటికి వచ్చింది. పెళ్ళికి ముందు ఆమె చెషిన్ పట్నంలో ఒక వకీలు ఇంట్లో పనిపిల్ల. ఆ ఇంటావిడ కిటికీ దగ్గర కూర్చుని కొక్కెపు సూదితో మెడపట్టీలు అల్లుతుంటే, తెక్లా కుర్చీల దుమ్ము దులుపుతూ చూసేది. ఆ గదిలో కుర్చీలకు అంత దుమ్ము ఎప్పుడూ లేదని తర్వాత ఒప్పుకుంది. కొండకు కాపురానికొచ్చాక ఆ సూది ఎట్లా ఉంటుందో యూరాకు పొయ్యి బూడిదలో గీసి చూపించింది. పాదిరిగారి గొడుగు గాలికి విరిగితే, ఆ పుల్ల ఒకటి అడిగి తెచ్చి, ఆకురాయితో అరగదీసి, కొసన చిన్న గాడి కోసి, రేగు చెక్క పిడి బిగించి ఇచ్చాడు యూరా. అప్పట్లో ముసలమ్మలు నవ్వారు. "తెక్లా దారానికి గాలం వేస్తోంది, చేప ఎప్పుడు పడుతుందో!" అనేవాళ్ళు. తెక్లా కూడా వాళ్ళతోపాటే నవ్వేది. ఆ పని నేర్చుకున్నది ఆమె చెల్లెలు యెవ్కా, ఇంకో ఇద్దరు పిల్లలూ, అంతే.

రొజీనా పెళ్ళి కుదిరిన చలికాలంలోనే తెక్లాకు దగ్గు పట్టింది. పొయ్యి పక్కన కూర్చుని రోజూ కాస్త అల్లేది. మంచు కరిగే రోజుల్లో, ఎండ బల్ల దాకా వచ్చిన ఒక పొద్దున, అల్లుతూ అల్లుతూనే తల గోడకు ఆనించింది, మళ్ళీ ఎత్తలేదు. ఎండ అప్పటికి ఆమె మోకాళ్ళ మీద ఉంది. ఆ ఎండను యూరా చాలాసార్లు తలుచుకున్నాడు. ముందురోజు మబ్బు, మర్నాడు మంచు. ఆ ఒక్క పొద్దుటికే ఎండ వచ్చింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక కిటికీ రెక్కకే చెయ్యి ఆనించి నిలబడేవాడు.

సూది ఆఖరి గొలుసులోనే ఉండిపోయింది. నిద్రపోయిన పిల్లచేతిలోంచి చెంచా తీసినట్టు దాన్ని తీశాడు. ఉండ దగ్గర దారాన్ని గొర్రెల కత్తెరతో తెంపాడు. సూది తన చొక్కా జేబులో వేసుకున్నాడు, అప్పటినుంచీ అది అక్కడే ఉంది. లేసును తోలు కుట్టే సూదితో తనే కుళ్ళాయికి కుట్టాడు. ఆఖరి వరస కుడిచెవి దాకా రాలేదు, బెత్తెడు తక్కువైంది. పైన రుమాలు కడతారు కనుక కనపడదు. కొస దారాన్ని వేలితో లోపలికి నెట్టాడు.

పెళ్ళికి రెండు రోజుల ముందు జున్ను రొట్టెలు చెయ్యడానికి యెవ్కా వచ్చింది.

"బావా, ఆ కుళ్ళాయి ఇటివ్వు. అక్క అంచు ముగించలేదట. కూర్చున్నానంటే ఇట్టే అయిపోతుంది."

"వద్దు."

"పోనీ ఆ కొస ఎట్లా ఉందో చూడనియ్యి."

"చూసేదేముంది? రుమాలు కింద ఉంటుంది."

"ఏం, నేను ముట్టుకుంటే అరిగిపోతుందా?"

"అరగదు." యూరా కిటికీ వైపు చూశాడు. "తను ఆపిన చోట ఆగనీ యెవ్కా. ఇంకో చెయ్యి పడితే, తను ఎక్కడ ఆగిందో నాకు తెలియకుండా పోతుంది."

యెవ్కా నోరు గట్టిదే, ఈసారి చేతులకే పని చెప్పింది. వెళ్ళి పిండిని ఎడాపెడా బాదింది.

ఆమె ఆ కొసను ఒక్కసారి చూసి ఉంటే, అది కట్టలేదని చెప్పేదే. యూరా చిన్నప్పటినుంచీ చూసినవి వల కుళ్ళాయిలు. అమ్మవి, అత్తవి, నానమ్మవి. వాటిలో పని ఎక్కడ ఆపినా ఆఖరి ముడి అక్కడే బిగుసుకుని ఉంటుంది. ఇదీ అంతే అనుకున్నాడు. తెక్లా చేతిలోంచి వచ్చినది విడిపోతుందని అతనికి తోచనే లేదు.

*

గొర్రెలు కొండ దిగివచ్చిన వారంలో పెళ్ళి. ఇస్తెబ్నా గుడినుంచి బళ్ళు తిరిగి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. పుల్లటి క్యాబేజీ చారు ఆవిరి వాకిట్లోకి వస్తోంది. కుళ్ళాయి పెట్టాకే భోజనాలు కాబట్టి మగవాళ్ళందరికీ తొందరగా ఉంది.

గది మధ్య పిండి తొట్టి బోర్లించి రొజీనాను కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. మూలన వాయిద్యగాడు మతూష్, చంకలో ఊదే తోలు తిత్తి. ఆ తిత్తికి చెక్కతో చేసిన మేకతల, నిజమైన కొమ్ములు. జుజన్నా పాట ఎత్తుకుంది. ఒకసారి ఎత్తుకుంటే కుళ్ళాయి నెత్తికెక్కేదాకా ఆ పాట ఆగకూడదు. ఆగితే ఆ కాపురం మధ్యలో ఆగుతుందని భయం.

మొదటిసారి రొజీనా కుళ్ళాయిని పొయ్యి వైపు విసిరింది. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. రెండోసారి అది పెళ్ళికొడుకు క్లిమెక్ ఒళ్ళో పడింది.

"నాకు పట్టదు, నా తల పెద్దది," అన్నాడు క్లిమెక్.

"తల పెద్దదే అబ్బాయ్, అద్దెకిచ్చుకోవచ్చు, లోపలంతా ఖాళీ," అంది యెవ్కా. గదంతా నవ్వింది. పాట మాత్రం సాగుతూనే ఉంది.

గడ్డిమోపులు అటక మీదికి విసిరిన చెయ్యి రొజీనాది. మూడోసారి ఆ చెయ్యి కాస్త గట్టిగానే లేచింది. కుళ్ళాయి గదికి అడ్డంగా ఎగిరి వెళ్ళి మేక కొమ్ముకు తగులుకుంది. తోడిపెళ్ళికూతురు పరుగెత్తి దాన్ని లాక్కుంది. కొస దారం కొమ్ముకే ఉండిపోయింది. అది తెలియని మతూష్ కళ్ళు మూసుకుని, తిత్తి ఊదుకుంటూ, ఆటగాడిలా ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టూ తిరిగాడు.

సన్నగా, చెరుకు పీచు లాగినట్టు, ఒక చప్పుడు.

"ఆగరా మతూష్!" అని యెవ్కా కేక పెట్టేసరికి, అలల అంచు మొత్తం పోయింది. గులాబీల వరస ఎడమవైపునుంచి సగం పోయింది. మతూష్ కాళ్ళ చుట్టూ తెల్లటి దారం కుప్పగా పడి ఉంది.

"నేనేం చెయ్యలేదు!" అన్నాడు మతూష్ బిక్కమొహం వేసి. "మేక చేసింది!"

ఎవరూ నవ్వలేదు. పాట గొంతుల్లో సన్నబడింది. ఇద్దరు ఆపేశారు, ముగ్గురు ఆపబోయారు.

"పాట ఆపకండే!" అని అరిచింది జుజన్నా. "ఆపినదాని జుట్టు పీకుతాను. పాడండి!"

ఆడవాళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ అందుకున్నారు.

యూరా కుళ్ళాయిని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆర్నెల్లుగా రోజూ చూసుకున్న చోటు, తెక్లా చెయ్యి ఆగిన చోటు, ఇప్పుడు లేదు. అక్కడ గాలి ఉంది. తొట్టి మీద రొజీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తండ్రినే చూస్తోంది. జుజన్నా చంకలో గుడ్డమూట, అందులో వల కుళ్ళాయి.  మాట మాటే.

"నీదే పెట్టు అత్తా," అన్నాడు.

జుజన్నా అతని వైపు చూడలేదు. నడుం పట్టుకుని వంగి దారం కొస అందుకుంది. జపమాల తిప్పినట్టు దాన్ని వేళ్ళ మధ్యనుంచి పోనిస్తూ, చుట్ట చుడుతూ, కుళ్ళాయి దాకా వచ్చింది.

"ఎక్కడా తెగలేదు," అంది.

మళ్ళీ ఒకసారి వెలుగులో చూసింది.

"అంత లాగినా ఎక్కడా తెగలేదురా. ఆ కొమ్ముకు నా వల తగిలి ఉంటే గుప్పెడు కన్నులు పీలికలయ్యేవి. ఇదేమో అలిగి పుట్టింటికెళ్ళిన కోడలిలాగా చెక్కుచెదరకుండా కూర్చుంది." ఆమె దారాన్ని యెవ్కా మొహం ముందు పట్టింది. "ఈ వంకర్లేంటే?"

యెవ్కా కళ్ళు తుడుచుకుని చూసింది. దారం తిన్నగా లేదు. పొడవునా చిన్న చిన్న వంపులు, ఉంగరాల జుట్టులాగా.

"అవి గొలుసులు ఉన్న చోట్లు పెద్దమ్మా. ఇన్నాళ్ళు అట్లా ఉంది కదా, దారానికి అలవాటైపోయింది. ఒక్కో వంపు ఒక్కో గొలుసు." ఆమె గొంతు మారింది. "అక్క చేతి బిగువంతా ఇందులోనే ఉంది. వంపు ఎక్కడుంటే అక్కడ నేను సూది దూర్చడమే. కుడి సగం గులాబీలు ఉండనే ఉన్నాయి, చూసుకోవడానికి."

"మళ్ళీ ఎక్కుతుందా?"

"ఎక్కుతుంది."

"మరి నన్ను చూస్తావేం? ఎక్కించు!"

"నీ మాట ఏమైంది అత్తా?" అన్నాడు యూరా నెమ్మదిగా. "మిగిలితేనే పెడతానన్నావుగా."

"దారమంతా మిగలలేదూ? ఇంకేం మిగలాలి? నా మాటకి అర్థం నాకు చెప్పేంతవాడివయ్యావా?" అని కసిరి, జుజన్నా తొట్టి పక్కన పీట వేయించుకుని కూర్చుంది. "సూది ఉందా ఎవరి దగ్గరైనా?"

యూరా జేబులోంచి గొడుగు పుల్ల సూది తీసి యెవ్కాకు ఇచ్చాడు. అతని ఒంటి వేడికి అది వెచ్చగా ఉంది.

యెవ్కా అల్లుతోంది. జుజన్నా దారం చిక్కుపడకుండా కొంచెం కొంచెంగా వదులుతోంది. పాట ఆగకూడదు కదా, తెలిసిన చరణాలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి పాడారు. అవీ అయిపోతే కొత్తవి కట్టడం మొదలుపెట్టారు. క్లిమెక్ గురక మీద ఒకటి కట్టారు, వాళ్ళమ్మ పెట్టే నీళ్ళచారు మీద ఒకటి కట్టారు. వియ్యపురాలు మొదట మూతి ముడిచి, తర్వాత యూరా చెక్కపెంకుల ఇల్లు కారడం మీద తనే ఒకటి ఎత్తుకుంది. వాకిట్లోంచి ఎవరో అరిచారు: "ఏమ్మా, పెళ్ళి ఈ ఏడే అవుతుందా? చారు గడ్డకడుతోంది!"

"తాగి మళ్ళీ కాచుకోండి!" అని లోపల్నుంచి సమాధానం.

మతూష్ పాపం ఊపిరి తీసుకోకుండా ఊదుతూనే ఉన్నాడు. ఎవరూ అడగకుండానే మేకతలకు తన టోపీ తొడిగాడు, ఇంకేమీ తగులుకోకుండా.

వెలుతురు తగ్గుతుంటే యూరా దీపం వెలిగించి యెవ్కా భుజం మీదుగా పట్టుకున్నాడు. గులాబీలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. తెక్లా అల్లుతున్నప్పుడు అతను ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. పక్కనే కూర్చుని చెప్పు కుట్టుకుంటూ ఉండేవాడు. ఆమె ఇంత పని చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. చూడడానికి రెండో అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? దీపం వణకకుండా రెండో చెయ్యి కూడా పట్టాడు.

అలల అంచులో యెవ్కా ఒక చోట ఆగింది.

"ఇక్కడే బావా," అంది మెల్లగా. "అక్క ఆగింది ఇక్కడే. ఇక దారం తిన్నగా ఉంది, వంపుల్లేవు. ఇక్కడే కట్టెయ్యనా?"

యూరా ఆ చోటును చూశాడు. అది మళ్ళీ వచ్చింది. ఇదే ఆ గొలుసు. చుట్టూ ఆడవాళ్ళు గొంతులు బొంగురుపోయి పాడుతున్నారు, అతని కూతురి కోసం, ఒక్కరూ ఆపకుండా. రొజీనా చెవి దగ్గర బెత్తెడు పని మిగిలి ఉంది.

"ముందుకి పోనీ," అన్నాడు.

అతనే పెట్టెలోంచి ఉండ తెచ్చాడు. కత్తెరతో తను తెంపిన కొస దానికి అలాగే ఉంది. యెవ్కా రెండు కొసలూ పట్టుకుని తటపటాయించింది.

"ఇటు తే," అంది జుజన్నా. "ఇది నాకొచ్చు." కొసలు రెండూ నోట తడిపి, ఆఖరి గొలుసు పక్కనే ఆనించి, అరవై ఏళ్ళు వలలు వేసిన వేళ్ళతో ఒక్క ముడి వేసి లాగింది. మిగిలిన దారం పంటితో కొరికేసింది. ముడి ఎక్కడుందో వెతికినా కనపడలేదు.

మిగిలిన పని యెవ్కా చకచకా ముగించింది. "ఇదిగో, ఇప్పుడు చూడు బావా. కొసను ఈ ఆఖరి గొలుసులోంచి పూర్తిగా లాగెయ్యాలి. లాగేశాక ఇక మేకలమంద వచ్చినా ఊడదు. ఇంతే."

"ఇంతేనా?"

"ఇంతే. మొన్న నన్ను ముట్టుకోనిచ్చి ఉంటే అప్పుడే అయిపోయేది."

యూరా నవ్వబోయాడు. నవ్వు మధ్యలో వేరే దారి పట్టింది. దీపం ఎవరో అతని చేతిలోంచి అందుకున్నారు.

"చూశారా?" అంది జుజన్నా లేస్తూ. "ఏడవకూడదని ముందే చెప్పాను వీడికి."

రొజీనా నాలుగోసారి తల వంచింది. జుజన్నా కుళ్ళాయి పెట్టి, జుట్టు లోపలికి సర్ది, లేసును నుదుటి మీద అరచేత్తో అదిమింది. ఆ చెయ్యి కావలసినదానికంటే కాసేపు ఎక్కువే అక్కడ ఉంది. అప్పుడు పాట ఆగింది. హఠాత్తుగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో క్లిమెక్ కడుపు గుర్రుమంది, అందరికీ వినపడింది.

జుజన్నా వల కుళ్ళాయిని కొత్త ఇల్లాలి ఒళ్ళో పడేసింది. "ఇది పాలు పితికేటప్పుడు పెట్టుకో. ముడులున్నది కదా, ఆవు తన్నినా తట్టుకుంటుంది."

రొజీనా లేచి తండ్రిని కౌగిలించుకుంది. యూరా బొటనవేలు ఆమె నుదుటి కుడివైపున లేసు అంచు మీద పడింది. కంటికి కనపడనిది వేలికి తగిలింది, ఆవగింజ కంటే చిన్నగా. అత్త వేసిన ముడి. దానికి ఇటుపక్క తెక్లా, అటుపక్క మిగతా అందరూ. ఆమె ఎక్కడ ఆగిందో అతనికి ఇక ఎప్పటికీ తెలుస్తుంది. వేలు అక్కడే ఉంచి, ముసలామె కోసం గదంతా చూశాడు. ఆమె అప్పటికే చారు గిన్నె ముందు కూర్చుని ఉంది.

*

మర్నాడు పొద్దున యూరా వాకిట్లో రొట్టెముక్కలు పక్షులకు వేస్తుంటే జుజన్నా వచ్చింది. అటూ ఇటూ చూసి, కొంగు కిందనుంచి నల్లటి పొడుగాటిది తీసింది. గొడుగు. ఆమె మొగుడిది, ఆయన పోయాక ఎవరినీ తాకనివ్వనిది. ఒక పక్క పుల్లలు బయటికి వచ్చి ఉన్నాయి.

"సూదికి పిడి లావుగా చెయ్యి," అంది. "నా వేళ్ళు ముడుచుకోవు. చేసి నాకే ఇవ్వు, ఊరంతా చాటకు."

యూరా గొడుగును తెరిచి చూశాడు. గుడ్డ కొత్తదిలా ఉంది.

"ఇది బాగానే ఉన్నట్టుంది కదత్తా?"

"నిన్నటిదాకా బాగానే ఉంది," అంది జుజన్నా, మోకాళ్ళు పట్టుకుని గడప మీద కూర్చుంటూ. "నువ్వు కానియ్యి. నేనిక్కడే కూర్చుంటాను."

యూరా ఆకురాయి తెచ్చుకుని, అత్త పక్కనే, ఆమె చూపించిన చోట కూర్చున్నాడు.